లెక్కలోకి రాని వంట

ఏప్రిల్ 2

చిన్నదానికి సీటొచ్చింది. ఆసుపత్రులు నడిపే చదువు. రెండేళ్ళు. రైల్లో పగలంతా కూర్చుంటే వచ్చే ఊరు.

ఫోను నా ముఖం ముందు పెట్టి "చదువక్కా" అంది. కళ్ళజోడు దొరికేలోపు తనే చదివేసింది. ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

నెలాఖరులోగా మొదటి ఫీజు కట్టాలి. లేకపోతే సీటు ఇంకొకరికి. అంత డబ్బు మా దగ్గరెక్కడిది? బ్యాంకు అప్పే గతి.

సంతోషంగా ఉంది. సంతోషమే మరి.

ఏప్రిల్ 3

పొద్దున ప్రార్థనలో దాని సంగతి చెప్పాను. దేవుడా, దానికి ఏది మంచిదో అదే జరిపించు అన్నాను. ఆ మంచిదేదో ఈ ఊళ్ళోనే ఉండేలా చూడు అని కూడా కలిపాను.

ఏప్రిల్ 5

"ముప్ఫై నాలుగేళ్ళొచ్చాక చదువేమిటే" అన్నాను, కాజాలు కుడుతూ. వద్దనడానికి కాదు. ఊరికే అడిగాను.

అది కింద కూర్చుని నేను కుట్టిన చొక్కాలకి దారాలు కత్తిరిస్తోంది. ఆసుపత్రిలో రిసెప్షను డ్యూటీ నుంచి వచ్చాక రోజూ చేస్తుంది, చెప్పక్కర్లేదు. అమ్మ పోయేసరికి ఆరేళ్ళది. అప్పటినుంచి నా కంచం పక్కనే దాని కంచం.

"రక్తపరీక్షకి పరగడుపున రమ్మంటాం కదక్కా. ల్యాబు ఏడింటికి తెరుస్తారు. డబ్బు కట్టించుకునే కౌంటరు తొమ్మిదింటికి. రసీదు లేనిదే ల్యాబువాళ్ళు సూది పట్టుకోరు. షుగరున్న ముసలివాళ్ళు రెండు గంటలు గోడకి జారగిలబడి కూర్చుంటారు. వాళ్ళు తిట్టేది ఎవర్ని? ఎదురుగా కనిపించే నన్ను."

"కౌంటరు కూడా ఏడింటికే తెరిస్తే సరి."

"అది నీకు తట్టింది, నాకు తట్టింది. మూడేళ్ళనుంచి చెప్తున్నాను. 'అది మీటింగులో మాట్లాడాల్సిన విషయమమ్మా' అంటాడు మా మేనేజరు. మీటింగుకి నన్ను పిలుస్తారు, ఎందుకు పిలవరు? కుర్చీలు సర్దడానికి."

నవ్వింది. నేనూ నవ్వాను. కత్తెర మాత్రం గట్టిగా ఆడుతోంది.

ఏప్రిల్ 8

స్కూలు నుంచి ఫోను రాలేదు. ఏటా ఈపాటికి యూనిఫాం కొలతలకి రమ్మనేవాళ్ళు. వస్తుంది.

ఏప్రిల్ 11

బ్యాంకుకి వెళ్ళాం. నేనూ, చిన్నదీ, హామీ సంతకానికి తమ్ముడూ. వాడు టైర్ల షాపు నుంచి అలాగే వచ్చేశాడు, మోచేతుల దాకా నలుపు. కుర్చీకి అంటుతుందేమోనని అంచు మీద కూర్చున్నాడు.

అప్పులు చూసే ఆవిడ మా ఇద్దరి వయసులూ చూసి తల్లీకూతుళ్ళమనుకుంది. అక్కనని చెప్పాను.

"నెల ఖర్చులు చెప్పండి. అద్దె?"

"అక్క కడుతుందండీ" అంది చిన్నది.

"తిండి?"

"అక్కే."

"కరెంటు, గ్యాసు?"

"అవీ అక్కే."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "మరి మీ జీతమంతా మిగలాలే. దాచుకున్నదేమైనా ఉందా?"

"పోయినేడు అక్క ఆపరేషనుకి అయిపోయింది."

"మా అక్కయ్య ఉండగా దీనికి ఖర్చేమిటండీ" అన్నాడు తమ్ముడు. "గాలి పీల్చుకుని బతికేస్తోంది."

అందరం నవ్వాం. ఆవిడ సున్నా, సున్నా, సున్నా అని పైకే అంటూ టైపు చేసుకుంది.

అప్పు ఇస్తారట. తీసుకోవాలా వద్దా అన్నదే తేలాలి. "నాలుగు రోజులు ఆలోచించుకుని రండి, అప్పు ఎక్కడికీ పోదు" అంది ఆవిడ. మంచి మనిషి.

ఏప్రిల్ 13

స్కూలు నుంచి ఫోను రాలేదు.

ఏప్రిల్ 14

ఆదివారం. తమ్ముడింట్లో భోజనం. చేతులు కడుక్కుని వాడు పాత క్యాలెండరు కాగితమొకటి చింపి, వెనక గీత గీశాడు. ఒకవైపు చదివితే, ఇంకోవైపు చదవకపోతే.

"డబ్బు లెక్క చెప్తే మీకు కళ్ళు తిరుగుతాయి. జీతాల్లో చెప్తాను. దీని ఇప్పటి నెల జీతం ఒకటి అనుకుందాం. చదవకపోతే పదేళ్ళకి నూట ఇరవై జీతాలు. ఏమ్మా డైరెక్టరుగారూ, సరేనా?"

"సరే చెప్పు."

"చదివితే మొదటి రెండేళ్ళూ గుండుసున్నా. తర్వాత ఎనిమిదేళ్ళూ నెలకి ఒకటిన్నర పైచిలుకు. నువ్వు చెప్పిన జీతమే వేస్తున్నాను, తగ్గించలేదు. నూట యాభై నాలుగు. అందులోంచి ఫీజూ, హాస్టలు గదీ, హాస్టలు తిండీ, వడ్డీ అన్నీ కలిపి అప్పు నలభై. తీసెయ్. ఎంత?"

"నూట పద్నాలుగు" అంది అది. వాడు రాయకముందే చెప్పింది.

"అంటే ఆరు జీతాలు పోగొట్టుకోవడానికి పదేళ్ళు తిప్పలు పడాలి."

"పదకొండో ఏట కూడా నేను బతికే ఉంటాను కదన్నయ్యా. అప్పటికి అప్పు తీరిపోతుంది."

"అప్పటికి నీకు నలభై అయిదు. అప్పు తీరిన వారంలో బీపీ వస్తుంది. మీ ఆసుపత్రిలోనే మంచం ఇస్తారులే, డిస్కౌంటుతో."

మరదలు గిన్నెలు తీస్తూ, "అసలు ఉద్యోగం ఇస్తామని ఎవరైనా రాసిచ్చారా?" అంది.

"రాసివ్వరు వదినా. పోయినేడు చదివి బయటికొచ్చిన ముగ్గురికి ఫోను చేశాను. ఇద్దరికి దొరికింది. మూడో ఆమె ఆర్నెల్లుగా వెతుకుతోందట. జీతం ఎంతో ఆ ఇద్దరే చెప్పారు, కాలేజీ వాళ్ళు చెప్పింది నేను నమ్మలేదు."

అబద్ధం చెప్పదు అది. వెతుకుతున్న మూడో ఆమెని దాచి ఉండచ్చు. దాచలేదు.

అందరూ నా వైపు చూశారు.

"నేనేం అంటాను? లెక్క లెక్కే" అన్నాను.

ఏప్రిల్ 15

పొద్దున బస్సుకి వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ అంది. "వద్దులే అక్కా. లెక్క కుదరలేదుగా."

"నీ ఇష్టం" అన్నాను.

ఏప్రిల్ 16

మంచిదే.

ఏప్రిల్ 18

తమ్ముడి లెక్క కాగితం మరదలు మిగిలిన కూర గిన్నె చుట్టూ చుట్టి ఇచ్చింది. దాన్ని నూనె డబ్బా కింద వేశాను, జిడ్డు అంటకుండా. ఇవాళ డబ్బా కడుగుతూ చూశాను.

హాస్టలు తిండికి వేశాడు. నా వంటకి వెయ్యలేదు.

గదికీ అంతే. అక్కడి గదికి ధర ఉంది. ఇక్కడ అది పడుకునే గదికి లేదు. అందుకే ఇటువైపు నూట ఇరవై, అన్నీ మిగిలినట్టే. వాడు మోసం చెయ్యలేదు. బ్యాంకావిడ కూడా సున్నాలే కొట్టింది. చిన్నదానికీ తట్టలేదు. ఈ ఇంట్లో నా చేతిమీదుగా జరిగేదాన్ని ఎవరూ ఎప్పుడూ లెక్క వెయ్యలేదు. నేను వెయ్యనివ్వలేదు కదా.

తక్కెడలో ఒకవైపు నేనెక్కి కూర్చున్నాను. ఎవరికీ కనపడలేదంతే.

చెప్పాలా? నన్నెవరూ అడగలేదు. అది కూడా వద్దంది. నేను వద్దనలేదు.

కాగితం మడిచి మళ్ళీ డబ్బా కింద పెట్టాను.

ఏప్రిల్ 19

దానికిష్టమైనవే వండాను. మారు వడ్డించుకుంది. బాగుందా అంటే బాగుంది అంది.

ఏప్రిల్ 20

ఫోను రాకపోతే నేనే వెళ్ళాను. స్కూలు ఆఫీసులో గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేవడు. అప్పుడే అర్థమైంది.

"ఈ ఏడాది నుంచి రెడీమేడ్ అండీ. సైజు చెప్తే పెట్టెల్లో వచ్చేస్తాయి. ఏమీ అనుకోకండి. నాకూ నిన్ననే తెలిసింది."

"ఏమనుకుంటాను బాబూ" అన్నాను. ఆ పెట్టె ఒకటి అక్కడే ఉంటే చొక్కా తీసి చూశాను. కుట్టు శుభ్రంగా ఉంది. మెడ దగ్గర కొంచెం ముడత, అంతే. వంక పెడదామన్నా దొరకలేదు.

ఏడాది ఖర్చులో సగం ఆ రెండు నెలల కుట్టుపని మీదే గడిచేది. ఇక అంచులు మడవడం, జిప్పులు మార్చడం, అంతే.

చిన్నదానికి చెప్పలేదు. అడగలేదు కదా.

ఏప్రిల్ 22

అది సాయంత్రం దారాలు కత్తిరించడానికి కూర్చుంది. కత్తిరించడానికి ఏమీ లేవు. "స్కూలు పని ఇంకా మొదలెట్టలేదా?" అంది. మొదలెట్టాలి అన్నాను.

ఈసారి అడిగింది కదా. నేను మాట మార్చాను.

తర్వాత తనే చెప్పింది. పొద్దున లైన్లో ఒక పెద్దావిడ కళ్ళు తిరిగి పడిపోయిందట. పరగడుపు మనిషి. ఇది తన సంచిలోంచి బిస్కెట్లు తీసి తినిపించింది. పరీక్ష పాడైందని ల్యాబులో కసురుకున్నారట. పెద్దావిడ కొడుకు కూడా కసిరాడట, రేపు మళ్ళీ సెలవు పెట్టాలని.

"కౌంటరు సంగతి మేనేజరుకి మళ్ళీ చెప్పావా?" అన్నాను.

"ఎందుకక్కా" అంది.

కోపం లేదు ఆ గొంతులో. మూడేళ్ళుగా ఇంటికొచ్చి ఆ కౌంటరుని తిడుతూనే ఉండేది, పళ్ళెం మీద చెంచాతో కొట్టి మరీ తిట్టేది. ఇవాళ ఊరికే చెప్పింది, వాన పడింది అన్నట్టు.

ఏప్రిల్ 23

ప్రార్థనకి కూర్చున్నాను. మాట రాలేదు. మోకాళ్ళు నొప్పెట్టేదాకా కూర్చున్నాను. రాలేదు. లేచి స్టవ్ వెలిగించాను.

ఏప్రిల్ 24

మధ్యాహ్నం తమ్ముడి షాపుకి వెళ్ళాను. గాలికొట్టే మిషను మోత. వాడు ఒక టైరుని తొట్టెలో ముంచి బుడగలెక్కడొస్తాయోనని చూస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి అలాగే నీళ్ళలో ఉంచేశాడు.

"ఎవరికేమైంది అక్కయ్యా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం ఇంటికి రా. నీ లెక్క తప్పు."

"నా లెక్కా? పదోక్లాసులో లెక్కల్లో నాకెన్నొచ్చాయో తెలుసా?"

"తెలుసు. మార్కుల కాగితం మీద సంతకం పెట్టింది నేనే. రా."

వచ్చాడు. చిన్నది అప్పుడే కాళ్ళు కడుక్కుని వచ్చింది. కాగితం ఇద్దరి మధ్యా పెట్టాను.

"హాస్టలు తిండికి వేశావు. నా వంటకి వెయ్యలేదు."

వాడికి అర్థం కాలేదు. "నీ వంటకి వెల కట్టమంటావా అక్కయ్యా?"

"కట్టు. అద్దెలో సగం, తిండి, కరెంటు, గ్యాసు. నేను చెప్తాను, నువ్వు రాయి."

చెప్పాను. వాడు రాశాడు. మధ్యలో రెండుసార్లు పెన్ను ఆపి నా ముఖం చూశాడు. దాని జీతంలో పదో వంతులు ఆరు తేలాయి. ఉప్పు, సబ్బు నేను వెయ్యలేదు. అంత చెయ్యలేకపోయాను.

"ఇప్పుడు రెండువైపులా తీసెయ్. హాస్టల్లో ఉండే రెండేళ్ళూ తియ్యకు, అవి అప్పులోనే ఉన్నాయి."

చాలాసేపు గీశాడు. "చదవకపోతే నలభై ఎనిమిది. చదివితే..." మళ్ళీ గీశాడు. "యాభై ఆరు." పెన్ను కింద పెట్టేశాడు. "తిరగబడిందే!"

చిన్నది కాగితం చూడలేదు. నన్నే చూస్తోంది.

"ఇన్నాళ్ళూ నా తిండి లెక్క వేసుకుంటున్నావా అక్కా?"

"లేదు. ఇవాళే వేశాను."

"నీ ఆపరేషనుకి నేను లెక్క వేశానా?"

"వెయ్యలేదు. నువ్వూ వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు. అందుకే బ్యాంకులో అన్నీ సున్నాలు పడ్డాయి. ఆ సున్నాలు చూసి నువ్వు చదువు వద్దన్నావు."

"మరి ఆదివారం ఎందుకు చెప్పలేదు?"

"ఆదివారం నాకు తెలీదు. గురువారం తెలిసింది."

"ఇవాళ బుధవారం."

"అవును."

కాగితం దాని వైపు జరిపాను.

స్కూలు పని పోయిన సంగతి అప్పుడే చెప్పేశాను. ఆగితే మళ్ళీ చెప్పలేను. తమ్ముడు "అయ్యో" అన్నాడు. అది లేచి నిలబడింది.

"అయితే అసలు వెళ్ళకూడదు కదా! నీ పని పోయింది, నేనూ ఉద్యోగం మానేసి వెళ్తే నువ్వేం తింటావు?"

"నువ్వుంటే ఏం తింటాం? ఇదిగో, వీడు రాశాడు చూడు. నీ జీతంలో నీ ఒక్కదాని వాటాకే ఆరు వంతులు. నా వాటా కూడా నువ్వే కడితే పది వంతుల జీతంలోంచి పన్నెండు పోవాలి. ఎక్కణ్ణుంచి తెస్తావు? ఆ కుర్చీలో నీకు ఇంతకంటే పెంచరని నువ్వే అన్నావు."

"రెండేళ్ళు మాత్రం ఎలా గడుస్తుంది?"

"అంచులు మడుస్తాను. నీ గది అద్దెకిస్తాను."

"నా గదా!"

అరిచింది. అప్పు గురించి అరవలేదు, జీతం గురించి అరవలేదు, గదికి అరిచింది. తమ్ముడికి నవ్వాగలేదు. "డైరెక్టరుగారి గది వేలం" అన్నాడు. అది పెన్ను తీసి వాడి మీదికి విసిరింది.

వెళ్ళేటప్పుడు వాడు గుమ్మం దగ్గర ఆగి, "నెలకి కొంత నేనిస్తాను అక్కయ్యా. ఎప్పుడిస్తానన్నా తీసుకోవు నువ్వు" అన్నాడు.

"ఇయ్యి. తీసుకుంటాను" అన్నాను.

వాడు నమ్మలేనట్టు చూసి, చెప్పులు తారుమారుగా వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుని వెళ్ళాడు.

ఏప్రిల్ 25

చిన్నది తిని, తన కంచం ఒక్కటే కడిగి వెళ్ళిపోయింది. నా కంచం కూడా కడిగేది ఎప్పుడూ.

ఏప్రిల్ 26

ఇవాళా అంతే.

ఏప్రిల్ 27

నేను ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో ఉంది.

"ఉద్యోగం దొరక్కపోతే? మూడో ఆమెలాగా?"

"అప్పుడు వాయిదాకి తమ్ముడిదీ నాదీ తల తాకట్టు. హామీ సంతకం వాడిదైనా భారం ఇద్దరిదీ కదా."

"భయం లేదా నీకు?"

"ఉంది."

పక్కన కూర్చుంది. "నాకూ ఉంది. కానీ ఒకటి చెప్పనా? ఆ రోజు బ్యాంకులో ఆవిడ సున్నా సున్నా అంటుంటే నాకు సిగ్గేసింది. ఎందుకో తెలీలేదు. నవ్వేశాను."

దాని తల మీద చెయ్యి వేశాను. "నేనూ నవ్వాను" అన్నాను.

ఏప్రిల్ 29

బ్యాంకులో సంతకాలు అయ్యాయి. ఫీజు కట్టేశారు. ఆవిడ ఖర్చుల చోట ఈసారి మళ్ళీ అడిగింది. చిన్నది తడుముకోకుండా అంకె చెప్పింది. తమ్ముడు ఈసారి చేతులు కడుక్కుని వచ్చాడు, కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చున్నాడు.

మే 1

జీతం రోజు. చిన్నది నోట్లు మడిచి కుట్టుమిషను మీద పెట్టింది. "నా వాటా."

వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు. మింగాను. నోట్లు తీసి దాని ఎదుటే లెక్కపెట్టాను. లెక్కపెట్టకుండా డబ్బాలో పడేస్తే మళ్ళీ అక్కడికే వస్తాం.

సరిపోయాయి అన్నాను.

సాయంత్రం నా కంచం కూడా తనే కడిగింది.

జూన్ 16

రైలెక్కించి వచ్చాం. తమ్ముడు ప్లాట్‌ఫారం మీద పెట్టె మోస్తూ, "ఇందులో ఆసుపత్రి పెట్టుకుపోతున్నావా" అని గోల. రైలు కదిలాక వాడే ముందు కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఇంటికొచ్చాక.

జూన్ 20

గదిలోకి ఫిజియోథెరపీ చేసే ఆవిడ వచ్చింది. మెత్తటి మనిషి. నా మోకాళ్ళు చూసి రెండు వ్యాయామాలు చెప్పింది. ప్రార్థనకి కుర్చీలో కూర్చోవచ్చు, దేవుడేమీ అనుకోడు అంది. ఆలోచిస్తాను.

జులై 7

ఆదివారం. చిన్నది ఫోను చేసింది. ఆదివారాలు హాస్టలు మెస్సు మూసేస్తారట. నలుగురు ఆడపిల్లలు కలిసి వండుకున్నారట. ఇదే అందరికంటే పెద్దది కాబట్టి ఇదే బజారుకి వెళ్ళిందట. నూనె, కూరగాయలు, ఉల్లిపాయలు, గ్యాసుకి పక్క గదివాళ్ళకి ఇచ్చిందీ, అన్నీ చెప్పుకుంటూ పోయింది. మాడిపోయిన గిన్నె తోమడానికి పట్టిన సేపు వేరేగా చెప్పింది.

చివరికి గొంతు తగ్గించి, "ఒక్క పూటకే ఇంతవుతుందా అక్కా?" అంది.

"అవుతుంది" అన్నాను.